కుర్చీని తీసేయండి, పిల్లవాణ్ణి కాదు

బడి పిల్లల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను నర్సంపేట వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు కలిపి బోధిస్తున్నాను. మొత్తం 24 మంది పిల్లలు. వారిలో తొమ్మిది మంది పక్క తండా నుంచి వస్తారు, మిగతావారు ఊరి పిల్లలు. గది ఒకటే అయినా కూర్చోవడం మాత్రం రెండు గుంపులుగానే. మధ్యాహ్న భోజనం దగ్గర కూడా రెండు వరుసలే. వారిని కలపాలని కుర్చీలాట, పరుగు పందెం, తాడు గుంజే పోటీ పెట్టి చూశాను. నవ్వులతో మొదలై ఏడుపులతో ముగుస్తున్నాయి. మొన్న తాడు గుంజడంలో ఓడినవారు గెలిచినవారికి ‘కటీఫ్’ చెప్పి రెండు రోజులు మాట్లాడలేదు. పిల్లల మధ్య స్నేహం, కలిసి పనిచేసే అలవాటు పెరగాలంటే ఏ ఆటలు ఆడించాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, వరంగల్ జిల్లా

జవాబు: ఆటలు ఆడించాలన్న మీ ఆలోచన సరైనదే. చిక్కంతా మీరు ఎంచుకున్న ఆటల నియమాల్లో ఉంది. కుర్చీలాటనే తీసుకోండి. పాట ఆగిన మొదటిసారి బయటికి వచ్చేది ఎవరు? నెమ్మదిగా కదిలేవాడు, పక్కవాళ్ళను నెట్టడానికి మొహమాటపడేది, తెలుగులో చెప్పిన నియమం సగమే అర్థమైన పిల్ల. ఆట ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వారే అందరికంటే ముందు గోడ పక్కకు చేరుతున్నారు. అప్పటికే చురుకైనవాడికి మాత్రం చివరిదాకా ఆట దొరుకుతోంది. పావుగంట ఆటలో ముందుగా అవుటైన పిల్ల పద్నాలుగు నిమిషాలు ఊరికే కూర్చుని, తన కుర్చీని ఎవరు లాక్కున్నారో వారినే చూస్తూ ఉంటుంది.

ఇదే ఆటను ఒక్క నియమం మార్చి ఆడించండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మా బడిలో పిల్లలకు కుర్చీలు లేవు కాబట్టి పాత దినపత్రికలు విప్పి నేల మీద పరిచేవాళ్ళం. మీ 24 మందికి 12 కాగితాలు చాలు. పాట ఆగగానే ప్రతి ఒక్కరి పాదాలూ ఏదో ఒక కాగితం మీద ఉండాలి. విడతకు ఒక కాగితం తీసేస్తూ పోవాలి గాని, ఒక్క పిల్లవాణ్ణి కూడా తీసేయకూడదు. ఎవరి కాలైనా నేల మీద మిగిలిందంటే మొత్తం తరగతి ఓడినట్టు, అందరికీ చోటు దొరికితే మొత్తం తరగతి గెలిచినట్టు. కాగితాలు ఆరుకు వచ్చేసరికి ఒక్కోదాని మీద నలుగురు ఒకరినొకరు పట్టుకుని నిలబడవలసి వస్తుంది. నున్నటి బండల మీద కాగితం జారుతుంది కాబట్టి అలాంటి గదిలో గోనెసంచులు పరచడం మంచిది.

తన పలకను ఎవరినీ ముట్టుకోనివ్వని ఒక రెండో తరగతి పిల్లవాడు ఈ ఆటలో చేసిన పని నాకు బాగా గుర్తుంది. వాడి కాగితం మీద అప్పటికే నలుగురు ఉన్నారు. ఇంకొక పిల్ల ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయింది. వాడు ఆమె మణికట్టు పట్టుకుని గుంజి, తన పాదాల మీదనే ఆమె పాదాలు పెట్టించుకున్నాడు. ఆ పిల్ల పడిపోకుండా వాడి చొక్కా పట్టుకోవడంతో పైగుండీ ఊడిపోయింది. బడి విడిచాక వాళ్ళిద్దరూ గచ్చు మీద మోకాళ్ళ మీద పాకుతూ ఆ గుండీ వెతకడం నేను కిటికీలోంచి చూశాను. అంతకు ముందు వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు.

పోటీ వల్ల జట్ల మధ్య పగ ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో తెలుసుకోవడానికి ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఒక వేసవి శిబిరం నడిపారు. పదకొండేళ్ళ వయసున్న 22 మంది అబ్బాయిలను రెండు జట్లుగా చేసి, బహుమతుల కోసం తాడు గుంజడం వంటి పోటీలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే తిట్టుకోవడం, ఒకరి జెండాను మరొకరు కాల్చడం దాకా పోయింది. తర్వాత రెండు జట్లనూ ఒకచోట కూర్చోబెట్టి భోజనం పెట్టినా, సినిమా చూపించినా గొడవ తగ్గలేదు సరికదా, తిండి పదార్థాలు ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. నీళ్ళ సరఫరా ఆగిపోయి అందరూ కలిసి వెతకవలసి వచ్చినప్పుడు, ఆగిపోయిన లారీని అందరూ కలిసి గుంజవలసి వచ్చినప్పుడు మాత్రం వారి మధ్య దూరం క్రమంగా తగ్గింది. ఆ లారీకి కట్టింది అంతకు ముందు పోటీలో గుంజుకున్న తాడే. పిల్లల మధ్య కావాలని తగవు పెట్టడం తప్పని ఆ ప్రయోగాన్ని తర్వాత చాలామంది విమర్శించారు, అది న్యాయమైన విమర్శే. అయినా మీ భోజనాల వరుసను బలవంతంగా కలిపినంత మాత్రాన ఫలితం ఎందుకు రాదో అది చెబుతోంది. పక్కపక్కన కూర్చోవడం సరిపోదు, ఒకరి సాయం లేకుండా మరొకరి పని జరగని పరిస్థితి రావాలి.

మీ బడిలోని తాడును కూడా అలాగే వాడుకోవచ్చు. రెండు కొసలనూ గట్టిగా ముడివేసి వలయం చేసి, పిల్లలందరినీ దాని చుట్టూ కాళ్ళు ముడుచుకుని కూర్చోమనండి. అందరూ తాడును తమ వైపు సమానంగా గుంజుతూ, చేతులు నేలకు ఆనించకుండా ఒకేసారి లేవాలి. మొదటిసారి ఒక పక్క గట్టిగా గుంజి అవతలి పక్కవారిని బోర్లా పడేస్తారు. నాలుగోసారికి ఎవరో ఒకరు ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఆ ఉపాయం మీరు ముందుగా చెప్పకండి, వారికే తట్టనివ్వండి.

ఇక వీరి వీరి గుమ్మడిపండు మనందరం ఆడిన ఆటే. ఒక బిడ్డ కళ్ళు మూసి, మరొకరు మెల్లగా వచ్చి తాకి వెళ్ళాక ‘వీరి పేరేమి’ అని అడుగుతాం. మీ తరగతికి ఇంతకంటే పనికొచ్చే ఆట నాకు తోచడం లేదు. ఎందుకంటే పేరు తెలియకుండా ఈ ఆట సాగదు. మీ ఊరి పిల్లల్లో ఎంతమందికి ఆ తొమ్మిది మంది పేర్లూ తెలుసో రేపు అడిగి చూడండి. ‘ఆ తండా పిల్ల’, ‘కిటికీ కాడ కూసునేటోడు’ అనే జవాబులు వస్తే ఆశ్చర్యపోకండి. ఆటను కొంచెం మార్చి, తాకిన బిడ్డ గొంతు మార్చి ఒక మాట అనాలని పెడితే, వారం రోజుల్లో పేర్లతోపాటు గొంతులు కూడా పరిచయమవుతాయి. ఆ ఒక్క మాటను తండా పిల్లలు తమ భాషలో అనవచ్చని చెప్పండి. యాడి అంటే అమ్మ, పాణి అంటే నీళ్ళు, బాటి అంటే రొట్టె అని ఊరి పిల్లలకు ఆటలోనే తెలుస్తుంది. అప్పటిదాకా గదిలో తెలుగు రానివారిగా ఉన్న పిల్లలు, ఆ కాసేపు మరొక భాష నేర్పేవారు అవుతారు.

కథ చెప్పించేటప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో వేర్వేరు జాతుల పిల్లలను ఒకే గదుల్లో కూర్చోబెట్టినప్పుడు గొడవలు రేగితే, ఎలియట్ ఆరన్సన్ అనే ఆచార్యుడు, ఆయన విద్యార్థులు ఒక పద్ధతి రూపొందించారు. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చి, మిగతావారికి దాన్ని చెప్పే బాధ్యత వారికే అప్పగించారు. ఎవరిని చిన్నచూపు చూసినా ఆ ముక్క దొరకదు, పాఠం పూర్తికాదు. వారు దాన్ని ఐదో తరగతిలో మొదలుపెట్టారు. మీ పిల్లలు ఇంకా చిన్నవారు కాబట్టి పాఠానికి బదులు బొమ్మలు వాడండి. దాహమైన కాకి కుండలో రాళ్ళు వేసిన కథను నాలుగు బొమ్మలుగా గీసి, నలుగురికి తలొకటి ఇవ్వండి. తన బొమ్మను ఎవరికీ చూపించకుండా అందులో ఏముందో మాటల్లో చెప్పాలి. నలుగురూ విన్నాక, కథ వరుస ప్రకారం నిలబడి అప్పుడు బొమ్మలు తిప్పి చూపాలి. మాటలు చాలకపోతే అభినయించవచ్చు. తండా పిల్ల కాకిలా ముక్కు వంచి చూపించినప్పుడు తరగతి ఎంత శ్రద్ధగా చూస్తుందో మీరే గమనిస్తారు.

గుంపులు చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇద్దరు నాయకులను నిలబెట్టి ‘మీకు కావలసినవారిని ఎంచుకోండి’ అనకండి. చివరికి ఎవరూ కోరుకోకుండా మిగిలిన బిడ్డకు ఆట మొదలుకాక ముందే దెబ్బ తగులుతుంది. ఒక సంచిలో వేప, చింత, మామిడి, కానుగ ఆకులు సమానంగా వేసి తలొకటి తీసుకోమంటే, ఒకే ఆకు వచ్చినవారు ఒక గుంపు. ఆ వయసుకు నలుగురు దాటితే ఇద్దరు పనిచేసి మిగతావారు చూస్తుంటారు కాబట్టి, ఒక్కో ఆకువారిని మళ్ళీ ముగ్గురు చొప్పున విడదీయడం మేలు.

దసరా సెలవులకు ముందు మన బడుల్లో బతుకమ్మ ఎలాగూ ఆడతారు. సాధారణంగా టీచర్లే పేర్చి, పిల్లలను చుట్టూ తిప్పుతారు. ఈసారి పేర్చే పని పిల్లలకే ఇవ్వండి, మగపిల్లలను కూడా కలపండి. గునుగు ఏ చేను గట్టున, ఏ పడావు భూమిలో విరివిగా పూస్తుందో తండా పిల్లలకు బాగా తెలిసి ఉంటుంది, ఆ కబురు వారి దగ్గరి నుంచే రావాలి. ఒక గుంపు కాడలు సమంగా కత్తిరించి కట్టలు కడితే, ఒక గుంపు గునుగు కొసలను రంగులో ముంచి ఆరబెడుతుంది, మరొక గుంపు తంగేడు రెమ్మలు సర్దుతుంది. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి వరుసలు పేర్చేటప్పుడు ఒక గుంపు కాడలు పొట్టిగా కోసిందంటే పై వరుస మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు మీరు సర్దకండి. ఎవరి వల్ల ఒరిగిందనే వాదన రెండు నిమిషాలు సాగుతుంది, ఆ తర్వాత ఏం చేద్దామనే మాట వస్తుంది. కత్తెరలు మాత్రం మీ కళ్ళ ముందే ఉండాలి. పండుగలో పాల్గొనడం ఇష్టంలేని కుటుంబాల పిల్లలు ఉంటే, అదే పూలతో నేల మీద పెద్ద నెమలి బొమ్మ పేర్పించినా పని ఒకటే.

భోజనాల వరుస గురించి ఇప్పుడే ఏమీ అనకండి. ముందు వారానికొక జంట చొప్పున, ఊరి బిడ్డ ఒకరు, తండా బిడ్డ ఒకరు కలిసి పళ్ళాలు అందించే పని పెట్టండి. రెండు నెలల్లో రెండు వరుసల మధ్య ఖాళీ కొంత తగ్గినా అది చిన్న ఫలితం కాదు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్ళు నిండాయి. నర్సరీలో చేర్పించాం. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది గాని, బడిలో ఎవరితోనూ కలవదని, పక్కన కూర్చుని తన ఆట తాను ఆడుకుంటుందని టీచర్ చెబుతున్నారు. మేము ఏం చేయాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, పక్కన కూర్చుని ఆడుకోవడం కూడా ఆటలో ఒక మెట్టే. చిన్నపిల్లల ఆటలను దగ్గరగా గమనించిన మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే ఈ సంగతి రాశారు. ఒంటరిగా ఆడటం, పక్కపక్కన ఎవరి ఆట వారు ఆడటం, వస్తువులు పంచుకుంటూ ఆడటం, చివరికి ఒకే పని కోసం కలిసి ఆడటం అనే క్రమం వయసుతోపాటు సాగుతుందని ఆమె చెప్పారు. నాలుగేళ్ళ పాప రెండో మెట్టు దగ్గర కాసేపు ఆగితే అది లోపం కాదు.

టీచర్‌ను ఒక్కటి కోరండి. పాపను గుంపులోకి నెట్టకుండా, నెమ్మదైన ఒక బిడ్డతో జంటగా చిన్న పని ఇవ్వమనండి. ఒక తువ్వాలును చెరో కొస పట్టుకుని, మధ్యలో బంతి పడిపోకుండా గది ఈ మూల నుంచి ఆ మూలకు తీసుకుపోవడం చాలు. ఇద్దరూ మాట్లాడనక్కరలేదు, ఒకరి అడుగును ఒకరు చూసుకోక మాత్రం తప్పదు. ఆ బిడ్డనే ఒక ఆదివారం మీ ఇంటికి పిలవండి. ఈ వయసులో ఒక్క సోపతి ఉన్నా సరిపోతుంది. చుట్టాలు వచ్చినప్పుడు ‘మా పాప ఎవరితోనూ కలవదు’ అని ఆమె వింటుండగా అనకండి. ఇంట్లో కూడా పిలిస్తే పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, మాటలు తగ్గిపోవడం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించి, వినికిడి పరీక్ష కూడా చేయించండి.

ప్రశ్న: ఆటలు బాగానే ఉన్నాయి గాని, చదవడం, రాయడం ఎప్పుడు చెప్పాలి? తల్లిదండ్రులు పుస్తకం ఎంతవరకు అయిందని అడుగుతున్నారు.
– ఒక ప్రధానోపాధ్యాయుడు, జగిత్యాల జిల్లా

జవాబు: 2020 జాతీయ విద్యా విధానం, దాని ఆధారంగా 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల చదువును ఆటల మీదనే నిలబెట్టాయి. ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు ఆటల ద్వారా నడిపేందుకు విద్యా ప్రవేశ్ అనే కార్యక్రమం కూడా ఉంది. కానీ తల్లిదండ్రుల ముందు ఈ పేర్లు చెబితే పని జరగదు. నెలకోసారి వారిని పిలిచి ఒక ఆట చూపించండి. కాగితాల ఆటలో 24 మంది ఆరు కాగితాల మీద ఎంతమంది చొప్పున నిలబడాలో పిల్లలే లెక్క చెబుతారు, బొమ్మల కథను వరుసలో చెప్పాక ఒక్కో వాక్యం పలక మీద రాస్తారు. ఆ పలకలనే తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. వీలైతే వారిని కూడా ఒకసారి తాడు వలయం చుట్టూ కూర్చోబెట్టండి. పెద్దవారు లేవడానికి పిల్లలకంటే ఎక్కువసార్లు ప్రయత్నించవలసి వస్తుందని నా అనుభవం.