పేజీ తిప్పేసరికి మర్చిపోతున్నాను, కాలేజీలో బాగా చదవడం ఎలా నేర్చుకోవాలి?

ప్రశ్న: "ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు విశాఖలో ఇంజనీరింగ్ ఫస్టియర్. ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్ రెండో పేజీకొచ్చేసరికి మొదటి పేజీలో ఏముందో గుర్తుండట్లేదు. స్పీడ్ రీడింగ్ కోర్సులో చేరమంటారా? తెలుగు పుస్తకాలు పక్కన పెట్టేసి ఇంగ్లీషే చదవాలా? రోజుకు ఎన్ని పేజీలు చదవాలి?"

కోర్సు సంగతి ముందు చెప్పేస్తాను, అందులో నా డబ్బులు పోయాయి కాబట్టి. 2013లో నేనూ కంచరపాలెం నుంచి, తెలుగు మీడియం నుంచే వచ్చి మెకానికల్‌లో చేరాను. ఫస్టియర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. నెమ్మదిగా చదవడం వల్లే పోయాయనుకుని వేసవి సెలవుల్లో ఓ చోట 1,500 రూపాయలు కట్టి పదిహేను రోజులు స్పీడ్ రీడింగ్ నేర్చుకున్నాను. పెన్సిల్ మొనని లైను కింద పరిగెత్తించాలి, మనసులో మాట వినపడకూడదు, వెనక్కి చూడకూడదు. చివరి రోజు నిమిషానికి ఎన్ని పదాలు చదువుతున్నామో లెక్కేసి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. చదివినదాంట్లో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు.

అసలు మన కన్ను లైను మీద జారుతూ పోదు. ఆగుతుంది, గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా దాదాపు పావు సెకను ఉంటుంది. అర్థం కానప్పుడు వెనక్కీ వెళ్తుంది. ఆ వెనక్కి వెళ్లడమే చెడ్డ అలవాటని నాకు నేర్పారు. 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 190 అధ్యయనాలను కలిపి లెక్కేస్తే, కథలూ నవలలూ కాని ఇంగ్లీషు పుస్తకాలను పెద్దవాళ్లు మనసులో చదువుకునే సగటు వేగం నిమిషానికి 238 పదాలని తేలింది. అది మామూలు పుస్తకాల మాట. సమీకరణాలున్న పుస్తకంలో, అదీ మనది కాని భాషలో, ఆ వేగం కూడా రాకపోతే కంగారు పడాల్సింది లేదు. కోర్సు వద్దు. ఆ డబ్బుతో పాత పుస్తకాల షాపులో నాలుగు పుస్తకాలు వస్తాయి.

నాకు జబ్బెక్కడుందో ఆ ఆగస్టులో తెలిసింది, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో. అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుసు, గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లతో కుర్చీ దొరకడమే కష్టం. గేట్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్న మా సీనియర్ అన్న ఒకాయన పక్కన చోటిచ్చాడు. నేను థర్మోడైనమిక్స్ తెరిచి, హైలైటర్‌తో పేజీ అంతా పచ్చగా పూసేశాను. టీకి బయటికొచ్చినప్పుడు అడిగాడు.

"ఏం చదివావ్‌రా?"

"సెకండ్ లా అన్నా. క్లాసియస్ స్టేట్‌మెంట్."

"ఏమంటాడు?"

"చల్లటి దాని నుంచి వేడి దానికి ఉష్ణం వెళ్లదంటాడు."

"మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా?"

"ఉందన్నా."

"దాని వెనకాల ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశావా?"

పెట్టాను. కాలుతుంది. లోపల చల్లటి గదిలోంచి లాగిన ఉష్ణాన్నే అది వెనకనుంచి వేడిగా ఉన్న వంటింట్లోకి వదులుతోంది. అంటే నేను చెప్పిన మాట నిజమైతే మా ఇంట్లో ఫ్రిజ్ పనిచేయకూడదు. నేను నోరు తెరుచుకుని నిలబడితే ఆయన లోపలికి వెళ్లి పుస్తకం పట్టుకొచ్చి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. ఆ వాక్యం చెప్పేదేంటంటే, చక్రంలా తిరిగి మొదటికొచ్చే ఏ యంత్రమూ, వేరే ఏ ప్రభావమూ లేకుండా, చల్లటి వస్తువులోంచి వేడి వస్తువులోకి ఉష్ణాన్ని చేరవేయలేదు. ఇంగ్లీషులో ఆ మధ్య ముక్క 'నో ఎఫెక్ట్ అదర్ దేన్' అని ఉంది. ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉంది, అది కరెంటు తింటుంది. కాబట్టి అక్కడ 'వేరే ప్రభావం' ఉంది. ఫ్రిజ్ నియమాన్ని తప్పడం లేదు. 'అదర్ దేన్' అన్న రెండు చిన్న మాటలు దాటేసింది నేను.

మజా ఏంటంటే ఆ రెండు మాటల మీదా నేను పచ్చరంగు పూశాను.

అప్పటిదాకా నాకు ఇంగ్లీషు రాకపోవడమంటే పెద్ద మాటలు రాకపోవడమనే లెక్క. డిక్షనరీ పక్కన పెట్టుకుని 'ఇర్రివర్సిబిలిటీ' లాంటివన్నీ వెతికేవాణ్ని. నిజానికి పెద్ద మాటలతో గొడవ లేదు. పాఠం సాగుతున్న కొద్దీ పదిసార్లు తగిలి వాటంతటవే అలవాటవుతాయి, చాలావాటికి పుస్తకమే నిర్వచనం ఇస్తుంది. మోసం చేసేవి చిన్నవి. అన్‌లెస్, ఎక్సెప్ట్, ప్రొవైడెడ్, వేర్‌యాజ్, ఓన్లీ ఇఫ్. వాటికి నిర్వచనం ఎవరూ ఇవ్వరు. నోట్సు చివరి పేజీలో వాటికి ఓ జాబితా రాసుకుని పక్కన తెలుగు పెట్టుకున్నాను: 'తప్ప', 'అయితేనే', 'ఐతే ఇది మాత్రం', 'అలా కాకపోతే'. ఆ సెమిస్టర్‌లో ఆ పేజీ నలిగినంతగా ఇంకే పేజీ నలగలేదు. 'ఇట్', 'దిస్', 'ద లాటర్' అని వచ్చినప్పుడల్లా అదేంటో పెన్సిల్‌తో బాణం గీసేవాణ్ని. మొదటి వారం సగం బాణాలు తప్పే.

ఇక తెలుగు పుస్తకాలు మానేయాలా అన్నారు. వద్దే వద్దు. నాకు నిజంగా చదవడం నేర్పింది హుద్‌హుద్ తుఫాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్లకు ఆ రోజు గురించి వేరే చెప్పక్కర్లేదు. తర్వాత కొన్నాళ్లు కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు, కాలేజీకి సెలవు. పాలకీ నీళ్లకీ క్యూలో నిలబడొచ్చాక ఇంట్లో చేయడానికి ఏమీ ఉండేది కాదు. మా నాన్నమ్మకు శుక్లాలు, ఆపరేషన్ ఇంకా కాలేదు. టీవీ లేక ఆమెకి పిచ్చెక్కినట్టుండేది. నాన్న ట్రంకుపెట్టెలో రావిశాస్త్రి కథలు దొరికితే చదివి వినిపించడం మొదలుపెట్టాను. రావిశాస్త్రి విశాఖలోనే లాయరుగా ఉంటూ ఇక్కడి పేదవాళ్ల గురించి, కోర్టుల గురించి ఇక్కడి మాటల్లోనే రాసినాయన.

నేను గడగడా చదువుతుంటే నాన్నమ్మ ఆపేసేది. "ఆగరా బాబూ. ఎవుడన్నాడా మాట?" నేను వెనక్కి వెళ్లి చూసి చెప్పేవాణ్ని. రెండు లైన్లు కాగానే, "మరి ఇందాక ఆడికి తెలీదన్నాడు గదా, ఇప్పుడెలా తెలిసిపోనాది?" మళ్లీ వెనక్కి. ఒక్కోసారి ఆమెదే తప్పు, ఎక్కువసార్లు నాది. నేను గొంతుతో చదివాను గానీ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోలేదు. పరాయి భాష కాదు, సమీకరణాలు లేవు, మా వీధిలో మాట్లాడుకునే తెలుగే. అయినా అదే రోగం! అప్పుడు అర్థమైంది, నా ఇబ్బంది ఇంగ్లీషు ఒక్కటే కాదని. నాన్నమ్మ అక్షరం ముక్క చదువుకోలేదు, కానీ నాకన్నా బాగా చదివేది, ఆ మాట ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

కరెంటొచ్చాక ఆమె సీరియళ్లకు పోయింది. నేను మాత్రం ఆమె ప్రశ్నలు థర్మోడైనమిక్స్‌కి పట్టుకెళ్లాను. ఎవరన్నారు? ఇందాక అన్నదానికి ఇది సరిపోతోందా? ఎప్పుడు నిజం కాదు? రెండు పేరాలు చదవడం, పుస్తకం మూయడం, ఈ మూడు ప్రశ్నలూ వేసుకుని తెలుగులో నాకు నేనే చెప్పుకోవడం. తెలుగులో చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. పరీక్షలో ఇంగ్లీషులో రాయడం వేరే పని, దాన్ని విడిగా ప్రాక్టీస్ చేసుకోవచ్చు. అర్థమైందా లేదా అని మాత్రం మన భాషలోనే తొందరగా దొరికిపోతాం. సిటీబస్సులో చేసేవాణ్ని ఎక్కువగా. తాటిచెట్లపాలెంలో పుస్తకం మూస్తే గురుద్వారా వచ్చేలోపు చెప్పుకోవడం అయిపోవాలని లెక్క. పక్కసీటువాళ్లు నేను గొణుక్కోవడం చూసి కాస్త జరిగి కూర్చునేవాళ్లు, ఆ రద్దీలో అదో లాభం.

ఇది నా ఒక్కడి వేపకాయంత వెర్రి అనుకోకండి. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద దీన్నే పరీక్షించారు. కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక్క విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత అడిగితే తిరగబడింది: చదివినవాళ్లకు 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. మెటీరియల్ నాలుగుసార్లు తిరగేసి "అంతా వచ్చేసింది" అనుకుని పడుకోవడం ఎందుకంత హాయిగా ఉంటుందో, మళ్లీ సప్లీ ఎందుకు రాయాల్సి వస్తుందో ఆ రెండు జతల అంకెల్లోనే ఉంది.

డెరివేషన్లకు మాత్రం ఇది సరిపోదు. అక్కడ కన్నుతో చదవడమే దండగ. తెల్లకాగితం, పెన్ను తీసుకుని, ఒక లైను నుంచి ఇంకో లైనుకి ఎలా వచ్చాడో రాసి చూసుకోవాల్సిందే. ఇంకోటి, ఫోన్ పక్క గదిలో ఉండాలి. జేబులో సైలెంట్‌లో పెట్టడం నా దగ్గరైతే ఎప్పుడూ పనిచేయలేదు.

రోజుకు ఎన్ని పేజీలు అంటే, మొదటి పదిహేను రోజులు ఒక్క సబ్జెక్టులో రెండు పేజీలు. తక్కువగా ఉందని నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. పుస్తకం మూశాక ప్రశ్నలు వేసుకోవడంతో ఆ రెండు పేజీలకే నాకు గంటంబావు పట్టేది. నవంబరు చివరికి అదే టైములో ఆరేడు పేజీలు అయ్యేవి, థర్మో మొదటిసారికే గట్టెక్కాను. ఫస్టియర్ సబ్జెక్టుల్లో ఒకటి మాత్రం థర్డియర్ దాకా వెంటపడింది. అది మ్యాథ్స్, దాని కథ వేరు. ఈ రాత్రికి మీకు బాగా విసుగు తెప్పించే సబ్జెక్టు వదిలేసి, కాస్తో కూస్తో ఇష్టమున్నది తీసుకోండి. ఇంట్లో నాన్నమ్మో అమ్మమ్మో ఉంటే వాళ్ల పక్కనే కూర్చోండి.