మా తోట బెల్లంతో ఇంటివరకే సారా కాచుకుంటే నేరమా?

నేరమే. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 సెక్షన్ 13 ప్రకారం లైసెన్సు లేకుండా కాచడమే కాదు, కాచడానికని ఊట (పులియబెట్టిన బెల్లం నీళ్లు), బట్టీ సామాను ఉంచుకున్నా కేసే. చిత్తూరు మండీలో బెల్లం కొనడం తప్పు కాదు. అదే బెల్లం మీ పెరట్లో డ్రమ్ములో పులుస్తూ దొరికితే తప్పు.

స్వేచ్ఛ మాటకొస్తే, మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. కానీ అది వ్యాపారం సంగతి. అమ్మకుండా ఇంట్లో తాగేవాడి వాదన వేరు, ఆ తేడాను చట్టం గుర్తించాలి.

ప్రాణాలు తీసే మిథనాల్ బెల్లం ఊటలో పుట్టేది చాలా తక్కువ. మిథనాల్ చావులు ఎక్కువగా బయటి పారిశ్రామిక స్పిరిట్ కలిపినప్పుడే. ఇంట్లో అసలు భయం మంటతో: మూత సందుల్లోంచి కారే ఆవిరి పొయ్యి నిప్పుకు భగ్గుమంటుంది.