బంకు తీసేసిన స్థలంలో పెట్రోలు వాసన

ప్రశ్న: భీమవరంలో మాకున్న స్థలాన్ని 1988లో పెట్రోలు బంకుకు లీజుకిచ్చాం. గడువు తీరి కంపెనీవారు భూగర్భ ట్యాంకులు తీసుకుపోయారు. దుకాణాల సముదాయం కట్టడానికి పునాది గుంటలు తవ్విస్తే నల్లటి మట్టి, ఘాటైన వాసన వచ్చాయి. రెండడుగుల మట్టి తీసి, గ్రావెల్ పోసి, కాంక్రీటు వేస్తే చాలని కాంట్రాక్టరు అంటున్నారు. ఆయన మాట వినవచ్చా?

- ఒక పాఠకుడు

జవాబు: వినకండి. పెట్రోలులో క్యాన్సర్ కారకమైన బెంజీన్ ఉంటుంది. పైన కాంక్రీటు వేసినా దాని ఆవిరి పగుళ్లలోంచి, గొట్టాల చుట్టూ ఉండే సందుల్లోంచి మూసి ఉన్న దుకాణాల్లోకి చేరుతుంది. ప్లాస్టిక్ నీటి గొట్టాల గోడల గుండా కూడా అది లోపలికి దిగగలదు.

డెల్టా మట్టి సహజంగానే నల్లగా ఉంటుంది కాబట్టి రంగును బట్టి ఏమీ తేల్చలేం. ముందుగా పాత ప్లాను సంపాదించి ట్యాంకులు, పంపులు, పైపులు, ట్యాంకరు ఇంధనం దించిన చోటు గుర్తించండి. కారడం ట్యాంకు కన్నా పైపుల అతుకుల దగ్గరే జరిగి ఉండవచ్చు. ఆ చోట్లన్నిటా బోర్లు వేయించి, వేర్వేరు లోతుల్లో తీసిన మట్టిని ఆవిరి పోకుండా మూతబిగించిన గాజు సీసాల్లో, మంచుపెట్టెలో ఉంచి ప్రయోగశాలకు పంపించాలి. సంచిలో కట్టి పంపిన మట్టిలో బెంజీన్ దారిలోనే ఆవిరైపోతుంది, రిపోర్టు మాత్రం శుభ్రంగా వస్తుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 దాకా అమ్మారు గనుక మీ స్థలంలో సీసం పరీక్ష కూడా చేయించాలి.

అసలు చిక్కు నీటితో వస్తుంది. పెట్రోలు నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భజలం మీద తేలుతుంది. మీ ప్రాంతంలో కాలువలు పారుతున్నంత కాలం నీటిమట్టం పైకి ఉంటుంది, వేసవిలో కాలువలు కట్టేశాక కిందికి దిగుతుంది. దానితోపాటు పెట్రోలూ ఎక్కి దిగుతూ ఆ మధ్యనున్న మట్టినంతా తడిపేస్తుంది. కాంట్రాక్టరు చెప్పిన రెండడుగులు సరిపోకపోవడానికి ఇదే కారణం. పరిశీలన బావులు కనీసం మూడు వేయిస్తేనే నీరు ఎటు పారుతోందో తెలుస్తుంది. వాటిని రెండు కాలాల్లోనూ కొలిపించండి. బంకమట్టి మధ్య ఇసుక పొరలుంటే ఇంధనం వాటివెంట పక్కవారి స్థలంలోకి కూడా పోయి ఉండవచ్చు. చెన్నై తండయార్‌పేటలో భూగర్భ పైపులైను నుంచి కారిన ఇంధనం 2013లో ఇళ్ల బోర్లలో బయటపడిన సంగతి తెలిసిందే.

శుద్ధి పద్ధతి ఈ ఫలితాలను బట్టి ఉంటుంది. నీటి మీద తేలుతున్న ఇంధనం ఉంటే దానిని ముందు తోడించాలి. ఇసుక నేలలో ఆవిరిని పంపులతో లాగేయవచ్చు గాని, గాలి ఆడని బంకమట్టిలో ఆ పద్ధతి అంతగా పనిచేయదు. కలుషితమైన మట్టిని తవ్వి, నీరింకని పట్టాల మీద పోగులు పెట్టి, గాలి, తేమ, కొద్దిగా నత్రజని, భాస్వరం అందించి సూక్ష్మజీవులతో శుద్ధి చేయించడమే మీకు నప్పవచ్చని నా అభిప్రాయం. దీనికి నెలలు పడుతుంది. మరీ చెడిన మట్టిని విశాఖపట్నం దగ్గర పరవాడలో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి. ఆ మట్టిని మెరక తోలేవారికి మాత్రం అమ్మకండి. తోడిన నీటిని మురుగుకాలువలోకి వదిలితే దిగువన ఉన్న చేపల, రొయ్యల చెరువులకు ముప్పు.

ఖర్చు ఎవరిదన్నది మీ లీజు పత్రాన్ని బట్టి ఉంటుంది. స్థలాన్ని యథాస్థితిలో అప్పగించాలనే షరతు అందులో ఉందేమో న్యాయవాదికి చూపించండి. 2025 జులైలో కేంద్రం ప్రకటించిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు కూడా శుద్ధి ఖర్చును కాలుష్యానికి కారకులైనవారి మీదే పెడుతున్నాయి. కంపెనీకి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇప్పుడే లిఖితపూర్వకంగా తెలియజేసి రసీదులు దాచుకోండి. ఈలోగా గుంటల్లోకి వాననీరు దిగకుండా గట్లు వేయించి, పైన టార్పాలిన్ కప్పించండి; కూలీలను గుంటల్లోకి దించకండి, ఆ దరిదాపుల్లో బీడీ కూడా వెలిగించనివ్వకండి.