టెక్ సందేహాలు: ఫ్యాన్ పెద్దదైతే ఇంజిన్‌ను ఎక్కడ తగిలించాలి?

ప్రశ్న: విమానాశ్రయం కిటికీలోంచి చూస్తే పాత బోయింగ్ 737 ఇంజిన్ మూతి అడుగున నొక్కేసినట్టు చదునుగా కనిపించింది. పక్కనున్న ఎయిర్‌బస్ 320ది మాత్రం నిండుగా గుండ్రంగా ఉంది. ఇదేమైనా డిజైన్ గొప్పా? 737 మ్యాక్స్ సాఫ్ట్‌వేర్ గొడవకీ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?
– విశాఖ ఎన్ఏడీ కొత్తరోడ్డు నుంచి ఒక పాఠకుడు

గొప్ప కాదు, చోటు చాలక చేసిన సర్దుబాటు. 737 మొదటిసారి ఎగిరింది 1967లో. చిన్న ఊళ్లలో నిచ్చెన బళ్లు లేకపోయినా జనం ఎక్కాలని, సామాను చేత్తోనే ఎక్కించాలని దాన్ని నేలకు దగ్గరగా కట్టారు. అప్పటి ఇంజిన్ సన్నటి గొట్టం, ఫ్యాన్ వ్యాసం మీటరు చుట్టూ. రెక్క కింద హాయిగా ఇమిడింది.

తర్వాత ఇంధనం పొదుపు చేయాల్సి వచ్చింది. తక్కువ గాలిని విసురుగా తోయడం కన్నా ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే అదే థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, తక్కువ ఖర్చుతో వస్తుంది. అంటే ఫ్యాన్ పెరగాలి. 1984లో ఎగిరిన 737-300కి 1.52 మీటర్ల ఫ్యాన్ పెట్టారు. నేల మాత్రం కిందికి జరగదు కదా! అందుకే ఇంజిన్ పొట్ట కింద ఉండే గేర్‌బాక్స్, ఇంధన పంపు, జనరేటర్లను పక్కలకు జరిపి, మూతి అడుగు చదును చేశారు. ఎయిర్‌బస్ 320 మొదటి నుంచీ పొడుగు కాళ్ల విమానం. కాబట్టి దాని కొత్త రకం నియోలో దాదాపు 2 మీటర్ల ఫ్యాన్ వచ్చినా తంటా రాలేదు.

మ్యాక్స్‌కు వచ్చేసరికి ఫ్యాన్ 1.76 మీటర్లయింది. ముక్కు చక్రం కాలును 20 సెంటీమీటర్లు పొడిగించి, ఇంజిన్‌ను ముందుకు, పైకి జరిపారు. సమస్య అక్కడ మొదలైంది. ముక్కు బాగా ఎత్తినప్పుడు ఇంజిన్ చుట్టూ ఉండే ఆ పెద్ద డొప్ప కూడా చిన్న రెక్కలా లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, ఇస్తుంది. అది గరిమనాభికి, అంటే విమానం బరువంతా తూగే బిందువైన సీజీకి ముందు ఉంది కాబట్టి ముక్కును ఇంకా పైకి నెడుతుంది. ఆ కోణాల్లో పైలట్ చేతిలో ముక్కును ఎత్తి దించే కాలమ్ తేలికైపోతుంది. దాన్ని సరిచేయడానికి పెట్టిందే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్: స్టెబిలైజర్ అనే తోక అడ్డురెక్కను తిప్పి ముక్కు దించుతుంది. అది ఒకే ఒక్క కోణం సెన్సర్‌ను నమ్మింది. సెన్సర్ తప్పు చెప్పినప్పుడు పదే పదే ముక్కు దించింది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కలిపి 346 మంది పోయారు. ఇప్పుడది రెండు సెన్సర్లను పోల్చుకుంటుంది, ఒక ఘటనకు ఒక్కసారే పని చేస్తుంది, పైలట్ లాగితే ఓడిపోతుంది. ఇంజిన్‌ను జరపడం తప్పని నేననను. జరిపినందువల్ల వచ్చిన చిక్కును ఒక్క సెన్సర్ మీద వదిలేయడం మాత్రం తప్పే.

మరి ఇంత అవస్థ పడే బదులు ఇంజిన్లను తోక దగ్గర పెట్టేయొచ్చు కదా అంటారేమో. చిన్న బిజినెస్ జెట్లలో చేసేది అదే, వాటి రెక్క నేలకు మరీ దగ్గర. పెద్ద విమానంలో లెక్క మారుతుంది. లిఫ్ట్ రెక్కల పొడవునా పుడుతుంది, బరువు నడుమ వేలాడుతుంది, కావడిని తిరగేసినట్టు. ఇంజిన్ బరువును రెక్క మీదికి జరిపితే రెక్క మొదట్లో వంపు భారం తగ్గుతుంది, లోహం ఆదా అవుతుంది. తోకకు తగిలిస్తే ఆ లాభం పోతుంది, ఇంధనం గొట్టాలను ప్రయాణికుల గది కింద నుంచి వెనక దాకా లాగాలి, అడ్డుతోకను నిలువు తోక కొనకు ఎక్కించాలి. అలా ఎక్కించిన తోక, ముక్కు మరీ ఎత్తితే రెక్క వెనక చితికిన గాలిలో మునిగి పని చేయదు. 1963లో బీఏసీ వన్-ఎలెవెన్ పరీక్ష విమానం అలాగే కూలింది.

ప్రశ్న: మా ప్రాజెక్టు ఆర్‌సీ (రేడియోతో నడిపే) విమానం 1.2 కిలోలు. రెక్క పైన స్తంభం మీద 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) మోటారు, వెనక్కి తిరిగిన 10 అంగుళాల ప్రొపెల్లర్. థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు నేలకేసి దిగుతోంది, తగ్గిస్తే లేస్తోంది. ఫ్లైట్ కంట్రోలర్‌లో పీఐడీ (విమానం తానే సరిదిద్దుకునే తీరును నిర్ణయించే అంకెలు) ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. మోటారును వంచాలా?
– మధురవాడ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థులు

పీఐడీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది ముక్కు దిగాక స్పందిస్తుంది, మీ చిక్కు దిగకముందే ఉంది.

లెక్క వేద్దాం. 10 అంగుళాల ప్రొపెల్లర్ వ్యాసార్ధం 12.7 సెంటీమీటర్లు. తోక కర్రకు తగలకుండా ఉండాలంటే మోటారు కనీసం 14 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. సీజీ ఆ కర్ర మట్టంలోనే ఉండి, మోటారు 900 గ్రాముల థ్రస్ట్ ఇస్తోందనుకుంటే, దాన్ని 14తో గుణిస్తే 12,600 గ్రాము-సెంటీమీటర్ల మెలిక (తిప్పే బలం) ముక్కును కిందికి నొక్కుతోంది. తోక సీజీకి 60 సెంటీమీటర్ల వెనక ఉంటే, అది 210 గ్రాముల బలంతో కిందికి నొక్కితే గానీ సరిపోదు. థ్రాటిల్ మారిన ప్రతిసారీ ఈ 210 కూడా మారుతుంది.

వంచడం గురించి. మోటారు సీజీకి వెనక, పైన ఉంది కాబట్టి ప్రొపెల్లర్ ఉన్న వెనక కొనను పైకెత్తాలి. చాలామంది ముందు మోటారు విమానాల అలవాటుతో తిరగేసి వంచుతారు. కానీ మోటారు సీజీకి 10 సెంటీమీటర్లే వెనక ఉంటే 5 డిగ్రీల వంపు ఆ మెలికలో వందకు ఆరేడు పాళ్లే తగ్గిస్తుంది. గాలి ధార తోక మీద పడే తీరు మారడం వల్ల ఇంకొంత తేడా రావచ్చు, అది మేలుకో కీడుకో ఎగరేస్తే గానీ తెలియదు.

అసలు మందు ప్రొపెల్లర్ చిన్నది చేసి మోటారును దించడం. ఊరికే రాదది. నష్టాలేవీ లేవనుకున్నా విమానం కదలకుండా ఉన్నప్పుడు 900 గ్రాముల థ్రస్ట్‌కు 10 అంగుళాలతో సుమారు 75 వాట్లు, 7 అంగుళాలతో 107, 6 అంగుళాలతో 125 కావాలి. వ్యాసం తగ్గిన నిష్పత్తిలోనే ఖర్చు పెరుగుతుంది. నిజ జీవితంలో దీన్ని దాదాపు రెట్టింపు అనుకోండి. నేనైతే 7 బై 4 (7 అంగుళాల వ్యాసం, 4 అంగుళాల పిచ్) ప్రొపెల్లర్ తీసుకుంటాను: స్తంభం 10 సెంటీమీటర్లకు దిగుతుంది, తోక మోయాల్సింది 150 గ్రాములవుతుంది. 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ మీద 1800 నుంచి 2200 కేవీ మోటారు చూడండి. మీ దగ్గరున్న 1000 కేవీ మోటారు ఆ చిన్న ప్రొపెల్లర్‌ను తగినంత వేగంగా తిప్పలేదు. కరెంటు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) ఉండాలి. పెట్టె మీద రాసిన థ్రస్ట్‌ను నమ్మకుండా వంటింటి కాటా మీద కొలవండి.

ఇంకా మిగిలిన దానికి ట్రాన్స్‌మిటర్‌లో మిక్స్ చాలు, అంటే థ్రాటిల్‌తో పాటు ఎలివేటర్ (తోకలో ముక్కును ఎత్తి దించే పలక) కూడా కదిలేలా కలపడం. ట్రాన్స్‌మిటర్ సాఫ్ట్‌వేర్ ఎడ్జ్‌టీఎక్స్ మిక్సర్ పేజీలో ఎలివేటర్ కింద కొత్త లైను వేసి, సోర్సు థ్రాటిల్, వెయిట్ 5, ఆఫ్‌సెట్ 5, పద్ధతి యాడ్ అని పెట్టండి. ఆఫ్‌సెట్ మరిస్తే థ్రాటిల్ సున్నా దగ్గర ఎలివేటర్ కిందికి వంగి, దిగేటప్పుడు ముక్కు పొడుచుకుంటారు. ప్రొపెల్లర్ విప్పేసి, థ్రాటిల్ పెంచినప్పుడు ఎలివేటర్ పైకే లేస్తోందా అని బల్ల మీదే చూసుకోండి. కిందికి వెళ్తే రెండు అంకెలకూ మైనస్ పెట్టాలి.

మరో మాట. ప్రొపెల్లర్ మీద అంకెలున్న ముఖం విమానం వెళ్లే దిక్కుకే ఉండాలి, మోటారు వెనక్కి తిరిగి ఉన్నా సరే. తిరిగే దిశ తప్పితే మూడు తీగల్లో ఏవైనా రెండు మార్చండి. ఎగరేసే ముందు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. మన విశాఖ విమానాశ్రయం నేవీ వారి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలో భాగమన్నది మరవొద్దు.

ప్రశ్న: విమానం డిజైన్‌కు వాడే ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 సాఫ్ట్‌వేర్‌లో ఇంజిన్ థ్రస్ట్ ఇచ్చే చోటు ఎక్కడా కనబడటం లేదు.
– గాజువాక

లేదు కాబట్టే కనబడలేదు. అది రెక్క, తోకల గాలి లెక్కకే. మోటారు, బ్యాటరీలను ఇనర్షియా కిటికీలో బరువులుగా ఇచ్చి సీజీ తెచ్చుకోండి. స్టాటిక్ మార్జిన్ (విమానం తనంతట తాను నిలదొక్కుకునేలా సీజీని ఎంత ముందు ఉంచామన్న కొలత) 10 నుంచి 15 శాతం ఉంటే మొదటి ఎగురుడుకు చాలు. ప్రొపెల్లర్ గాలి ప్రభావం చూడాలంటే నాసా వారి ఓపెన్‌వీఎస్‌పీ దించుకోండి, ఉచితం. అందులో ప్రొపెల్లర్‌ను భాగంగా చేర్చి, దాని గాలి లెక్కల భాగమైన వీఎస్‌పీ ఏరోలో యాక్చుయేటర్ డిస్క్‌గా, అంటే గాలిని తోసే పలుచటి పళ్లెంగా నడిపించవచ్చు.

ప్రశ్న: బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానానికి ఒక్కో ఇంజిన్‌కు రెండేసి ప్రొపెల్లర్లు ఎందుకు?
– ఎంవీపీ కాలనీ

ఆ ఇంజిన్ ఒక్కొక్కటీ సుమారు 15,000 హార్స్‌పవర్. అంత శక్తిని ఒకే వరస రెక్కలతో గాలిలోకి దించాలంటే ప్రొపెల్లర్ ఇంకా పెద్దది కావాలి, చక్రాల కాళ్లు ఇంకా పొడవవ్వాలి. అందుకే నాలుగేసి రెక్కలున్న రెండు వరసలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ముందు వరస గాలికి పెట్టిన సుడిని వెనక వరస విప్పి, దాన్నీ థ్రస్ట్‌గా మారుస్తుంది. విమానాన్ని పక్కకు తిప్పే మెలిక కూడా చాలావరకు రద్దవుతుంది.

వ్యాసం 5.6 మీటర్లు, నిమిషానికి సుమారు 750 చుట్లు: కొన దగ్గర సెకనుకు 220 మీటర్ల వేగం. దానికి గంటకు 710 కిలోమీటర్ల ముందుకు పోయే వేగాన్ని లంబంగా కలిపితే 295 మీటర్లు దాటుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున శబ్దవేగం అదే. అందుకే ఆ విమానానికి అంత రొద అని పేరు. ఈసారి వెళ్లినప్పుడు లోపలి ఇంజిన్ల డొప్పలు రెక్క వెనకకు ఎంత సాగాయో చూడండి. ప్రధాన చక్రాలు ముడుచుకునేది వాటిలోకే.

ప్రశ్న: మా ఆర్‌సీ విమానం భీమిలి ఇసుకలో దిగాక మోటారు గరగరమంటోంది. నూనె వేయనా?
– భీమునిపట్నం

వద్దు, వేస్తే ఇసుక ముద్దకడుతుంది. అక్కడి నల్ల ఇసుకలో ఇల్మనైట్ వంటి ఇనుప ఖనిజాలున్నాయి, మోటారు అయస్కాంతాలకు అంటుకుంటాయి. ఊదితే పోవు. బ్యాటరీ తీసేసి, షాఫ్ట్ చివర దాన్ని పట్టి ఉంచే చిన్న రింగు, అంటే సర్‌క్లిప్ విప్పి, పై గిన్నెను లాగండి. జిగురు టేపును చిన్న ముక్కలుగా చుట్టి ఒక్కో అయస్కాంతం మీద అద్ది తీయండి. బేరింగులను విడిగా తిప్పి చూడండి. అప్పటికీ గరగర ఉంటే అవే మార్చాలి. సర్‌క్లిప్ విప్పేటప్పుడు వేలు అడ్డం పెట్టండి, ఎగిరిపోతే ఇసుకలోనే కాదు, ఇంట్లోనూ దొరకదు.