‘సహజ అసమర్థత’ అని మాత్రం రాయకు

తమ్ముడూ,

ఇటాలియన్ చట్టం మాటలను తెలుగు చేసి నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. నీ తెలుగు బాగుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయితే నాలుగో పేజీలో ‘ఇంకపచితా నతురాలె’ అన్నదాన్ని ‘సహజ అసమర్థత’ అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. అదే తప్పు ఒకప్పుడు నేనూ చేశాను. దానివల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు కాబట్టే ఈ ఉత్తరం ఇంత పొడవుగా రాస్తున్నాను.

అప్పటికి నేను ఇటలీ వచ్చి నాలుగేళ్లు. చదువుకోడానికి వచ్చిన మన కుర్రాడొకడు ఆపరేషన్ తరువాత తీవ్రమైన జ్వరంతో, మనుషుల్ని కూడా పోల్చుకోలేని స్థితిలో ఉన్నప్పుడు ఎవరో అతనితో అప్పు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ ఒప్పందం రద్దు చేయాలని అతని లాయరు సివిల్ కోడ్ 428వ ఆర్టికల్ చూపిస్తూ ఉత్తరం రాశాడు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు తెలియాలి కదా అని దాన్ని తెలుగు చేసి పెట్టమన్నారు. నేను నిఘంటువు చూసి ‘సహజమైన మానసిక అసమర్థత’ అని రాసి పంపేశాను. మర్నాడు తెల్లవారకముందే ఆ తల్లి ఫోన్ చేసింది. “మావాడికి పుట్టుకతోనే ఏదో లోపం ఉందని రాశారేమిటమ్మా, పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చాడు కదా” అని ఏడుపు. ఆవిడ చదివింది సరిగ్గానే చదివింది. సహజం అంటే తెలుగులో పుట్టుకతో వచ్చిందనే. ఇటాలియన్ లాయర్లు ‘నతురాలె’ అనేది దాదాపు దానికి ఎదురు అర్థంలో. కోర్టు తీర్పు ఏదీ లేకపోయినా, కాగితం మీద ఆ మనిషికి అన్ని హక్కులూ ఉన్నా, ఆ ఘడియలో మాత్రం వాస్తవంగా నిర్ణయం తీసుకోగల స్థితిలో లేడని. ఏ కారణం చేతనైనా, అది తాత్కాలికమైనదైనా సరే అని ఆ ఆర్టికల్‌లోనే ఉంది. జ్వరం కావచ్చు, తాగి ఉండటం కావచ్చు.

ఇప్పుడైతే నేను ఒక్క పదం కోసం వెతకను. ‘సంతకం పెట్టిన సమయంలో, తను చేస్తున్నదేమిటో అర్థం చేసుకోలేని లేదా చేయాలో వద్దో తనంతట తాను తేల్చుకోలేని స్థితిలో ఉన్నాడు’ అని రాస్తాను. పొడుగైంది, నిజమే. అయినా ఆ తల్లి దాన్ని చదివి ఉంటే ఏడ్చేది కాదు.

ఆ వాక్యంలో ‘లేదా’ ఎందుకు పెట్టానో చెప్పాలి, ఎందుకంటే నువ్వు అక్కడ కూడా జారావు. ఇటలీ శిక్షాస్మృతి, 1930 నాటిది, 85వ ఆర్టికల్‌లో నేరానికి బాధ్యుడయ్యే మనిషికి ‘కపచితా ది ఇంతెందెరె ఎ ది వొలెరె’ ఉండాలంటుంది. అర్థం చేసుకోగలగాలి, కోరి నిర్ణయించుకోనూ గలగాలి. ఆ మధ్యలో ఉన్న ‘ఎ’ అంటే ‘మరియు’. సివిల్ కోడ్ 428లో మాత్రం అది ‘ఓ’, అంటే ‘లేదా’. నువ్వు రెండుచోట్లా ఒకేలా రాశావు. సామర్థ్యం ఉండటానికి రెండూ ఉండాలి, పోవడానికి ఏ ఒక్కటి పోయినా చాలు, అదీ లెక్క. ఒక అక్షరం మారిస్తే మనిషి ఎవరి చేతిలో పడతాడో మారిపోతుంది తమ్ముడూ, కాబట్టి ఇలాంటి చిన్న మాటల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చో.

ఇంకొకటి, ‘ఇంతెందెరె’ చూడగానే ఇంగ్లీషు ఇంటెన్షన్ గుర్తొచ్చి ‘ఉద్దేశం’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది అర్థం చేసుకోవడం, అంతే. ‘వొలెరె’ దగ్గర అసలు కష్టం ఉంది. నేను మొదట్లో ‘సంకల్పం’ అన్నాను, అది పూజలో కూర్చున్నట్టు వినిపించింది. ‘ఇచ్ఛ’ అంటే పుస్తకంలో బాగుంటుంది, ఆసుపత్రి వరండాలో నిలబడ్డ మనిషికి చెప్పలేం. మన కోర్టుల భాష నుంచి తెచ్చుకుందామా అంటే అక్కడ ఆ సగమే లేదు. మన పాత ఐపీసీ 84వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన న్యాయసంహిత 22వ సెక్షన్, రెండూ అడిగేది చేస్తున్న పని ఎలాంటిదో, అది తప్పో కాదో తెలుసా అనే. తెలుసు గానీ తనను తాను ఆపుకోలేకపోయాడు అన్నదానికి వాటిలో చోటు లేదు. చివరికి నాకు దారి దొరికింది మా తాతయ్య వీలునామాలో. దస్తావేజు లేఖరులు మొదటి వరుసలోనే రాస్తారు కదా, ‘పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించిన’ అని. స్పృహ ఒక కాలు, ఇష్టం రెండో కాలు. ఏ లా కాలేజీకీ వెళ్లని మనిషి రెండింటినీ ఒకే వాక్యంలో నిలబెట్టాడు. నీ మాటలు అలాంటి కాగితాల్లో వెతుక్కో.

‘మతిస్థిమితం లేని’ అన్న మాట నీ ముప్పై పేజీల్లో పదకొండు చోట్ల ఉంది. లెక్కపెట్టాను. అన్నీ కొట్టేయమని అడుగుతున్నాను. ఆ మాట మనిషి మొత్తానికి అంటుకుంటుంది, ఎప్పుడు, ఏ పని విషయంలో, ఎవరు తేల్చారు అన్నది మింగేస్తుంది. ఇటాలియన్ చట్టం ఆ మూడూ విడివిడిగా అడుగుతుంది. పుట్టగానే వచ్చేది ‘కపచితా జురీదిక’, హక్కులు కలిగి ఉండే పాత్రత, అది ఎవరి నుంచీ పోదు. పద్దెనిమిదేళ్లకు వచ్చేది ‘కపచితా ది అజీరె’, ఆ హక్కులను స్వయంగా వాడుకునే అర్హత (1975 దాకా ఇరవై ఒకటి ఉండేది). కోర్టు కుదించగలిగేది ఈ రెండోదాన్నే, అదీ ఎంతవరకో ఉత్తర్వులో చూడాలి.

‘ఇంతెర్దిత్సియోనె’ అయితే దాదాపు మొత్తం పోతుంది, తుతోరె అనే సంరక్షకుడు ఆ మనిషి తరఫున చేస్తాడు. ‘ఇనబిలితత్సియోనె’ని నువ్వు ‘వైకల్యం’ అన్నావు, అది కాదు, రోజువారీ వ్యవహారాలు తనే చూసుకుంటాడు, ఇల్లు అమ్మడం లాంటి పెద్దవాటికి మాత్రం పక్కన కురతోరె అనే తోడు మనిషి ఉండాలి. 2004లో వచ్చిన 6వ నంబరు చట్టంతో ‘అమ్మినిస్త్రత్సియోనె ది సొస్తెన్యో’ అనే సహాయ ఏర్పాటు చేరింది. ఆ చట్టం మొదటి వాక్యమే చెబుతుంది, స్వయంగా వ్యవహరించే అర్హతను వీలైనంత తక్కువగా తగ్గించాలని. జడ్జి ఏయే పనులు రాస్తే అవే సహాయకుడివి, మిగతావన్నీ ఆ మనిషివే. దీనికి నువ్వు ‘సంరక్షకుడు’ అని రాస్తే ఒక ముసలావిడ తన పింఛను తనే తెచ్చుకునే హక్కు పోయిందనుకుంటుంది. నేను కొన్నాళ్లు ‘ఆసరా’ అన్నాను, చక్కటి మాట, కానీ తెలంగాణ వాళ్లకు ఆసరా అనగానే పింఛను పథకమే గుర్తొస్తోంది. ఇప్పుడు ‘కోర్టు నియమించిన సహాయకుడు’ అంటున్నాను. ఇంతకంటే మంచిది దొరికితే నాకూ చెప్పు.

ఇక సమ్మతి సంగతి. ‘కొన్సెన్సో ఇన్ఫొర్మాతో’ని ‘సమాచార సమ్మతి’ అనేశావు. చదివేవాడు తన వివరాలు ఎవరికో ఇవ్వడానికి ఒప్పుకోమంటున్నారనుకుంటాడు. ‘వివరం తెలుసుకుని ఇచ్చే సమ్మతి’ అను. 2017 డిసెంబరు 22 నాటి 219వ నంబరు చట్టంలో దీని గురించే ఉంది, అందులో నాకు చాలా ఇష్టమైన వాక్యం ఒకటుంది, డాక్టరు రోగితో మాట్లాడే సమయం కూడా చికిత్స సమయమే అని. దుబాసీగా పక్కన కూర్చున్న ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది, ఎందుకంటే ఆ మాటల్ని అటూ ఇటూ చేరవేస్తున్నది నేనే కదా.

ఇక్కడ సర్వనామం చూసుకో. మన దగ్గర ఆపరేషన్ కాగితం మీద కొడుకో భర్తో సంతకం పెడతాడు, ‘మేము ఒప్పుకుంటున్నాము’ అంటాం. ఇక్కడ వయసొచ్చి, స్పృహలో ఉన్న మనిషి తరఫున ఇంటివాళ్లు ఇచ్చే సమ్మతి చెల్లదు. ‘నేను’ అని రాయి. భర్త అలవాటుగా పెన్ను అందుకుంటే నువ్వేం మాట్లాడక్కర్లేదు, ఆమెకు వినిపించేలా ఆ ‘నేను’ చదివితే చాలు. పిల్లల విషయంలో సంతకం అమ్మానాన్నలదే, కానీ వయసునూ పరిణతినీ బట్టి పిల్లల ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలని చట్టంలో ఉంది, దాన్ని వదిలేయకు.

అదే చట్టంలోని ముందస్తు చికిత్స నిర్దేశాలను పత్రికలవాళ్లు ‘తెస్తమెంతో బియొలోజికో’ అంటారు, నువ్వు ‘జీవ వీలునామా’ చేశావు. వీలునామా మనిషి పోయాక తెరిచేది. ఇది బతికుండగానే, మాట్లాడలేని రోజున తన తరఫున మాట్లాడే కాగితం. ‘ముందుగా రాసిపెట్టుకున్న చికిత్స నిర్ణయాలు’ అంటే సరిపోతుంది.

చివరగా తిఎస్సెఓ, తప్పనిసరి వైద్య చికిత్స. నువ్వు ‘ప్రమాదకరమైన రోగిని బలవంతంగా చేర్చుకోవడం’ అని వివరించావు. ఆ ప్రమాదం అన్నమాట 1904 చట్టంలోది, తనకో ఇతరులకో ప్రమాదమైతే, లేదా నలుగురిలో రభస అయితే పిచ్చాసుపత్రిలో పెట్టమన్నది. 1978 మే 13న వచ్చిన 180వ చట్టం, మానసిక వైద్యుడు ఫ్రాంకో బసాల్యా పేరుతో అందరూ చెప్పుకునేది, సరిగ్గా ఆ మాటనే తీసేసింది. అత్యవసరంగా చికిత్స కావాలి, మనిషి ఒప్పుకోవడం లేదు, ఆసుపత్రి బయట సమయానికి చేయగలిగింది లేదు, ఈ మూడూ ఉంటేనే ఆసుపత్రిలో ఉంచుతారు. ఉత్తర్వు ఇచ్చేది పోలీసు కాదు, మేయరు. ఇద్దరు డాక్టర్లు రాయాలి, జడ్జి ఖాయం చేయాలి, ఒక్కో ఉత్తర్వు ఏడు రోజులకు. అప్పుడు కూడా ఆ మనిషి సమ్మతిని సంపాదించే ప్రయత్నం ఆపకూడదు, పౌరహక్కులు పోవు. నువ్వు దాని పక్కన ‘అసమర్థుడు’ అని చేర్చావు, అది మూలంలో లేనే లేదు. 2025లో రాజ్యాంగ న్యాయస్థానం ఇంకో అడుగు వేసింది, జడ్జి ఖాయం చేసేముందు ఆ మనిషికి ఉత్తర్వు సంగతి తెలియజేయాలి, అతని మాట వినాలి అంది. అంటే రేపు ఒక తెలుగు మనిషి ఆ మంచం మీద ఉంటే, జడ్జి ఏమడుగుతున్నాడో నీ నోటి నుంచే వింటాడు.

నాలుగో పేజీ, పదకొండు మతిస్థిమితాలు, ఆ ‘ఎ’, ‘ఓ’లు ముందు సరిచేసి పంపు. మిగతావి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

అక్క