రాజమండ్రి వెళ్లిపోదాం అంటున్నారు... వెళ్లమంటారా?

ప్రశ్న: అక్కా, మాది హైదరాబాద్ నిజాంపేట. మావారు సాఫ్ట్‌వేర్, నాలుగేళ్లుగా ఇంటి నుంచే పని. నెలకు రెండుసార్లు ఆఫీసుకు వెళ్లొస్తే చాలట. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. సొంత ఫ్లాట్, ఈఎంఐ 38 వేలు. అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రిలో ఇద్దరే ఉంటున్నారు, మామయ్యగారికి నిరుడు స్టెంట్ వేశారు. ఫ్లాట్ అమ్మేసి అక్కడికి వెళ్లిపోదాం, ఖర్చు సగం తగ్గుతుంది, ఈ ట్రాఫిక్ బాధ ఉండదు, అమ్మానాన్నల్నీ చూసుకోవచ్చు అంటున్నారు మావారు. నేను ఇక్కడ ఒక స్కూల్లో టీచర్‌ని. నాకు వెళ్దామనీ లేదు, వద్దనీ లేదు, రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చెల్లీ, ముందు మీ పాప సంగతి చెప్తాను. మిగతావన్నీ ఆర్నెల్లు వాయిదా వేసినా పర్వాలేదు, ఇది మాత్రం కుదరదు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండు సంవత్సరాలు, వరుసగా ఎక్కడ చదివితే అక్కడి లోకల్ కింద లెక్క. ఇంజినీరింగ్, మెడిసిన్ కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ పిల్లలకే. రాష్ట్రం విడిపోయాక పదేళ్లపాటు ఉన్న ఉమ్మడి వెసులుబాటు 2024 జూన్‌తో అయిపోయింది. తెలంగాణ మెడికల్ సీట్ల విషయంలో ఈ నాలుగేళ్ల నిబంధన మీద పెద్ద గొడవే నడిచి, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. కాబట్టి వెళ్లేదైతే పాప తొమ్మిదిలో చేరే జూన్‌కే వెళ్లండి, లేదంటే ఇంటర్ అయ్యేదాకా ఆగండి. పది హైదరాబాద్‌లో రాయించి ఇంటర్‌కి రాజమండ్రిలో చేర్పిద్దాం అనుకుంటే మాత్రం రెండేళ్లు అక్కడ, రెండేళ్లు ఇక్కడ అయి పిల్ల పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడి కావచ్చు. రాజమండ్రిలో నాలుగేళ్లూ చదివితే ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం లోకల్ అవుతుంది, బదులుగా ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల్లో లోకల్ సీటు ఆశ వదులుకోవాలి. ఇందులో ఏది మంచిదో పాపకి దేని మీద ఇష్టమో అడిగి తేల్చుకోండి. ఇవి ఏటా మారే నిబంధనలు, స్కూల్ మార్చే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే ఒకసారి చదవండి, చుట్టాల మాట నమ్మొద్దు.

ఇక మీవారి ఉద్యోగం అన్నారు కదా, ఆ 'నెలకు రెండుసార్లు' అన్నది ఎవరన్నారు? మేనేజర్ నోటిమాటగా అన్నాడా, హెచ్‌ఆర్ రాసిచ్చారా? మేనేజర్ మారితే ఆ మాటా మారుతుంది. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్న కంపెనీలు మీకూ తెలిసే ఉంటాయి. రాకపోకలు నిజంగా కష్టమేం కాదు, రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే లింగంపల్లి నుంచి తెల్లారేసరికి రాజమండ్రి, 2023 నుంచి వందే భారత్ ఉంది, సికింద్రాబాద్ నుంచి సుమారు ఆరు గంటలు, మధురపూడి నుంచి విమానమూ ఉంది. కష్టం టికెట్ దగ్గర. సంక్రాంతి, దసరా రోజులు వదిలేయండి, మామూలు ఆదివారం రాత్రి కూడా వెయిటింగ్ లిస్టే. నెలకు రెండు ప్రయాణాలంటే రానూపోనూ నాలుగు టికెట్లు, హైదరాబాద్‌లో రెండు రాత్రులు ఎక్కడ పడుకోవాలి అనే ఖర్చు, ఇవి కలిపి మళ్లీ లెక్క వేయమనండి. ఆ ఉద్యోగం పోతే రాజమండ్రిలో అలాంటిది దొరకదు, అది ఒప్పుకుని వెళ్లాలి.

ఖర్చు సగం తగ్గుతుంది అన్నది నేను ఒప్పుకోను. మేం 2017లో హైదరాబాద్ వదిలి ఇక్కడికి, రాజమండ్రికే వచ్చాం, నెల ఖర్చుల పుస్తకం ఇప్పటికీ రాస్తాను. ఇంటద్దె, పెట్రోలు తగ్గాయి, ఆదివారం మాల్‌కి వెళ్లడం మానేశాం కాబట్టి అదీ తగ్గింది. ట్యూషన్ ఫీజులు, కార్పొరేట్ కాలేజీ ఫీజులు, నూనె, పప్పు, ఫోన్ బిల్లు, మందులు, వీటిలో పెద్ద తేడా కనపడలేదు. వేసవిలో కరెంటు బిల్లు పెరిగింది, ఎందుకంటే ఇక్కడ మే నెలలో ఎండ కంటే ఉక్కపోత చంపేస్తుంది, హైదరాబాద్‌లో రాత్రికి కాస్త చల్లబడుతుంది చూడండి, అది ఇక్కడ ఉండదు. దానవాయిపేటలో, ప్రకాశ్ నగర్‌లో స్థలం ధర అడిగితే మీరే ఆశ్చర్యపోతారు. అందుకే ఫ్లాట్ అమ్మొద్దు, దయచేసి అమ్మొద్దు. అద్దెకిచ్చి, వచ్చింది ఈఎంఐకి కట్టుకుని, ఇక్కడ మీరూ అద్దెకే దిగండి. ఒక వేసవి, ఒక వానాకాలం గడవనివ్వండి. వాన గట్టిగా పడిన రోజు కంబాలచెరువు, ఆర్యాపురం వైపు ఒకసారి తిరిగి చూస్తే ఏ వీధిలో ఇల్లు తీసుకోకూడదో మీకే తెలుస్తుంది. ఇంకొకటి, 2027 జూన్, జూలైలో గోదావరి పుష్కరాలు, ఆ రోజుల్లో సామాన్ల లారీ వేసుకుని ఊళ్లోకి రాకండి.

మామయ్యగారి ఆరోగ్యం గురించి నిజం చెప్పాలి. ఇక్కడ ఆసుపత్రులకు కొదవ లేదు, గుండె డాక్టర్లున్నారు. అయినా ఒక అర్ధరాత్రి మా నాన్నగారికి ఛాతీలో నొప్పొస్తే మేం తీసుకెళ్లిన చోట డ్యూటీలో గుండె డాక్టరు లేరు, విశాఖ తీసుకెళ్లిపోండి అన్నారు. దాదాపు 190 కిలోమీటర్లు అంబులెన్సులో నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన దక్కారు. ఆ తర్వాత నేను చేసిన పని ఒకటే, ఏ ఆసుపత్రిలో రాత్రిపూట కూడా గుండె డాక్టరు, స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ సిబ్బంది ఉంటారో వెళ్లి అడిగి, నంబరు ఫ్రిజ్ మీద అంటించాను. మీరు రాజమండ్రి వచ్చినా రాకపోయినా ఈ వారమే అత్తయ్యగారితో ఆ పని చేయించండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో మీవారు ఉన్నారు, పిల్లలున్నారు, అత్తమామలున్నారు. మీ గురించి 'స్కూల్లో టీచర్‌ని' అని ఒక్క వాక్యం రాశారు, అంతే. ఎన్నేళ్ల సర్వీసు? జీతమెంత? మానేస్తే బాధపడతారా? ఇక్కడ ప్రైవేటు స్కూళ్లలో జీతాలు తక్కువ, అది మీకు ముందే తెలియాలి. అంతకంటే ముఖ్యం, మీవారికి ఇది పుట్టిన ఊరు, చిన్నప్పటి స్నేహితులు, గోదావరి గట్టు. మీకు ఇది అత్తగారి ఊరు. ఆయన ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మామయ్యగారి మందులు, పథ్యం, వచ్చేపోయే చుట్టాలు ఎవరి మీద పడతాయి? అత్తయ్యగారు ఎంత మంచివారైనా ఒకే వంటింట్లో ఇద్దరికీ కష్టమే. అదే వీధిలో వేరే పోర్షన్ తీసుకుందాం, నేను ఉద్యోగం వెతుక్కుంటాను అని ఇప్పుడే చెప్పండి. వెళ్లాక చెప్తే అది గొడవ అవుతుంది, వెళ్లకముందు చెప్తే మాట అవుతుంది.

ఇంత చెప్పినా నేను తిరిగి హైదరాబాద్ వెళ్లాలని ఒక్కరోజు కూడా అనుకోలేదు. పిల్లల్ని స్కూల్లో దింపడానికి పది నిమిషాలు. సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్లొచ్చినా ఎనిమిదింటికి అందరం కలిసి భోజనం చేస్తాం. మా నాన్న తన చివరి మూడేళ్లు మనవల మధ్యే గడిపారు. ఆ మూడేళ్లకి ఏ జీతం సరిపోతుంది?

పాపకి ఇష్టమై, ఆఫీసు వాళ్లు రాసిచ్చి, మీకు వేరే పోర్షన్ దొరికితే వచ్చే జూన్‌కి రండి. ఈ మూడింటిలో ఒక్కటి కుదరకపోయినా పాప ఇంటర్ అయ్యేదాకా ఆగండి, ఈలోపు మీవారిని నెలకో వారం రాజమండ్రి నుంచే పని చేయమనండి, అమ్మానాన్నలకి అదీ పెద్ద ధైర్యమే.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా, మాది హన్మకొండ. ఊరి పక్కనే మడికొండ ఐటీ పార్కులో అవకాశం వచ్చింది, జీతం మూడో వంతు తక్కువ. పెళ్లి కాలేదు. వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, జీతం కంటే ముందు ఆ కంపెనీలో నీ పని ఏమిటో చూడు. 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ మడికొండలో మొదలుపెట్టాక అక్కడ ఐటీ అనే మాట వినపడుతోంది గానీ, ఒకచోట నచ్చకపోతే పక్క బిల్డింగులో ఇంకోటి దొరికేంత పెద్దది కాదు. అదే పని, అదే నేర్చుకునే అవకాశం ఉంటే వెళ్లు, అమ్మ చేతి అన్నం ఉంటుంది, కాజీపేట నుంచి రెండు గంటల్లో సికింద్రాబాద్ చేరొచ్చు. పాత పనే తక్కువ జీతానికి చేయమంటే ఇంకో రెండేళ్లు బెంగళూరులోనే ఉండు. ఇల్లు కొందామని ఉంటే 2020లో, 2023లో వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో నయీంనగర్ వైపు వాళ్లని అడిగి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వు.