ధర్మాబాద్ మార్కెట్‌లో ధర చెప్పేటప్పుడు

చిరంజీవి బిడ్డకు, పెద్దబాపు ఆశీర్వదించి రాసేది.

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే మిరప అడ్తి దుకాణం పెడుతున్నావని మీ నాయన ఫోనులో చెప్పగానే నా గుండె గర్వంతో నిండింది, ఆ వెంటనే బెంగ కూడా పట్టుకుంది. లైసెన్సు, కాంటా, హమాలీల కూలి సంగతులు నీకు తెలిసినవే. నా భయమంతా అక్కడ నోటిమాటగా పలికే ధరల గురించే.

నాందేడ్ జిల్లా 1956 వరకు మనతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నందువల్ల అక్కడి పెద్దల్లో చాలామందికి తెలుగు వచ్చు. అయినా బేరం వేడెక్కితే లెక్క మరాఠీలో నడుస్తుంది. ‘సవ్వాశే’ నూట ఇరవై అయిదు, ‘దీడ్‌శే’ నూట యాభై, ‘అడీచ్ హజార్’ రెండువేల అయిదు వందలు. ఇవి త్వరగానే అలవాటవుతాయి. ‘ఏకోణ్‌సాట్’ అంటే మాత్రం అరవై కాదు, యాభై తొమ్మిది. అన్నిటికన్నా ప్రమాదం ‘పావ్‌ణే’తో ఉంది. మనం రెండుంబావు అన్నప్పుడు రెండుకు పావు కలుపుతాం. వాళ్లు ‘పావ్‌ణేదోన్’ అన్నప్పుడు రెండులోంచి పావు తీసేస్తారు.

మీ తాత ఇక్కడే దెబ్బతిన్నాడు. 12 క్వింటాళ్ల ఎండుమిరప తీసుకెళ్లి, వ్యాపారి ‘పావ్‌ణేదోన్ హజార్’ అనగానే క్వింటాలుకు 2,250 అనుకొని సంబరంగా ఒప్పుకొని, కాంటా అయ్యాక తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీ చీటీలో 1,750 చూసి నీరుగారిపోయాడు. తగ్గిన 6,000 రూపాయలు మీ చిన్నత్త పెళ్లి బట్టలకని ముందే అనుకున్నవి. ఆ కోపంలో వ్యాపారిని నలుగురిలో దొంగ అన్నాడు. తిరుగు దారిలో తోటి రైతు విడమరిచి చెప్పేసరికి తల దించుకున్నాడే గాని, మళ్లీ ఆ గడప ఎక్కడానికి మొహం చెల్లలేదు. నమ్మకమైన దుకాణాన్ని వదులుకొని, ఆ తర్వాత పంటనంతా దూరమైనా నిజామాబాద్‌కే తోలాడు. డబ్బు పోయినదానికన్నా, ఏ తప్పూ చేయని మనిషి మాట పడినందుకే నాకు ఇప్పటికీ బాధ.

ఇప్పుడు నువ్వు కాంటాకు అవతలి వైపు కూర్చుంటున్నావు, బిడ్డా. బాసర, ముధోల్ నుంచి వచ్చే మన రైతులు నీ నోటివైపే చూస్తారు. వాళ్లకు ధర తెలుగులో చెప్పు, బస్తా కాంటా ఎక్కకముందే అంకెల్లో చిట్టీ రాసి చేతికివ్వు, చదువురానివాళ్లకు చదివి వినిపించు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే ‘ఊఁ’ కొట్టే అలవాటు నీకు చిన్నప్పటినుంచీ ఉంది. దాన్ని ఈ రోజే మానుకో. వేళకు అన్నం తిను, తల్లీ. నువ్వు రాసే మొదటి తక్‌పట్టీని ఫోటో తీసి నాకు పంపు, లెక్క నేనూ ఒకసారి చూస్తాను.

నీ పెద్దబాపు